తలుపు కొట్టిన మనిషినే ముందు విచారిస్తారు: క్రైమ్ నవలల్లో లెస్బియన్ డిటెక్టివ్‌ల సంగతి

డిటెక్టివ్ నవల అంటే హత్య ఎవరు చేశారో కనుక్కోవడం కదా, కనుక్కునే మనిషి ఎవర్ని ప్రేమిస్తే మనకెందుకు అని చాలామంది అడుగుతారు. లెస్బియన్ డిటెక్టివ్‌లు, గే డిటెక్టివ్‌లు ఉన్న నవలల మాట ఎత్తితే చాలు, మొదట వచ్చేది ఈ ప్రశ్నే, న్యాయమైన ప్రశ్నే కూడా. నాకైతే ప్రేమకథలో కన్నా ఫ్యామిలీ నవల్లో కన్నా డిటెక్టివ్ నవల్లోనే ఆ సంగతికి ఎక్కువ పని ఉందనిపిస్తుంది. డిటెక్టివ్ చేసేదే పక్కవాళ్ల రహస్యాలు బయటికి లాగే పని, ఆ పనిని తన దగ్గరే ఒక రహస్యం ఉన్న మనిషికి, అది బయటపడితే ఉద్యోగం, అద్దె ఇల్లు, అమ్మానాన్న అన్నీ ఒకేసారి పోయే మనిషికి అప్పజెప్పారనుకోండి, అప్పుడు "ఎవరు చంపారు" అనే ప్రశ్న పక్కన ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంటుంది: కనుక్కున్నదంతా చెప్పాలా? ఈ జాన్రాలో, అంటే ఈ తరహా కథల్లో, మంచి నవలలన్నీ ఆ రెండో ప్రశ్న చుట్టే తిరుగుతాయి.

మనలో చాలామందికి డిటెక్టివ్ అంటే కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధరే, పక్కన అసిస్టెంట్ రాజు. చిత్తూరులో అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడిపోయిన పాకెట్ నవలలు చేతులు మారుతా ఉండేవి, నేనూ క్లాసు పుస్తకం లోపల పెట్టుకుని చదివినదాన్నే. ఆ తరం డిటెక్టివ్‌కి ఎక్కడికైనా దారి ఉంటుంది, పెద్ద బంగళాకి పోయినా పోలీస్ స్టేషన్‌కి పోయినా కుర్చీ వేస్తారు, నువ్వెవరివి నీ సంగతేంది అని ఎవరూ నిలదీయరు. ఇంగ్లీషులో షెర్లాక్ హోమ్స్ అయినా అగాథా క్రిస్టీ రాసిన పువారో అయినా అంతే, ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని వీధిలో ఎవరూ అడగలేదు, అది మేధావి లక్షణం అనుకున్నారు.

ఇప్పుడు ఆ పనికి ముప్పై ఐదేళ్ల ఆడమనిషిని తిరుపతిలో, కొర్లగుంటలో ఒక సందులోకి పంపించి చూడండి. గడపలో బియ్యం చెరుగుతా ఒక పెద్దావిడ ఉంటుంది, ఈమె నమస్తే పెట్టి ఎదురింటివాళ్ల గురించి ఒక మాట అడగబోతుంది, అడిగేలోపలే అవతలి నుంచి మొదలవుతుంది.

"ఎవురమ్మా నువ్వు, యా ఊరు మీది?"

"చిత్తూరమ్మా."

"పెండ్లయిందా?"

"అయిందమ్మా."

"ఇంటాయన యాడ పనిచేస్తాడు? పిల్లోళ్లెంతమంది?"

ఇంటాయన బెంగళూర్లో సాఫ్ట్‌వేర్ అని ఈమె చెప్పాలి, అట్లా చెప్తేనే లోపలికి రా కూర్చో అని పిలుస్తారు, మజ్జిగ ఇస్తారు, ఎదురింటి సంగతి చెప్తారు. పెళ్లి కాలేదంటే ఎందుకు కాలేదు అనే దగ్గరే విచారణ ఆగిపోతుంది, ఉన్న నిజం చెప్తే ఇంక ఆ సందులో అడుగు పెట్టలేదు. నిజం కోసం వచ్చిన మనిషి, తనే ముందు ఒక అబద్ధం చెప్పి ఆ నిజం తీసుకోవాలి. మగ డిటెక్టివ్‌కి మారువేషం అంటే గడ్డం అతికించుకోవడం, ఈమెకి మారువేషం ఎప్పుడూ ఒంటిమీద ఉండేదే, పొద్దున లేచి పాల ప్యాకెట్‌కి పోయేటప్పుడు కూడా.

అదే సందు చివర రెండు గదుల ఇంట్లో ఇద్దరు టీచర్లు ఉంటారనుకోండి, అక్కాచెల్లెళ్లో దూరపు చుట్టాలో అని వీధి మొత్తం అనుకుంటా ఉంటుంది. ఈమెకి మాత్రం గుమ్మంలో నిలబడగానే అర్థమైపోతుంది, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు కిటికీ వైపు చూసే తీరులో, కొత్త మనిషి రాగానే కొంచెం దూరం జరిగి కూర్చోవడంలో. ఇంకెవరికీ కనపడని క్లూ ఈమెకి కనపడింది. కేసుకి దానితో సంబంధం ఉండొచ్చు, లేకపోనూవచ్చు. నోట్‌బుక్‌లో రాయాలా వద్దా? యుగంధర్‌కి ఈ ఇబ్బంది రాదు.

ఈ నవలలు రాకముందు క్రైమ్ కథల్లో గే మనుషులు లేరని కాదు, ఉన్నారు, బోను వైపు ఉన్నారు. 1930లో పుస్తకంగా వచ్చిన డాషియెల్ హామెట్ "ద మాల్టీస్ ఫాల్కన్"లో జోయెల్ కైరో అనేవాడు సెంటు వాసనతో లోపలికి వస్తాడు, ఆ వాసనతోనే పాఠకుడికి ఇతను నమ్మదగినవాడు కాదని చెప్పేస్తారు. 1939లో రేమండ్ చాండ్లర్ "ద బిగ్ స్లీప్"లో గైగర్, లండ్‌గ్రెన్ అని ఇద్దరుంటారు, వాళ్లమీద డిటెక్టివ్ మార్లోకి ఉన్న ఏవగింపు పేజీల్లో దాచకుండా కనిపిస్తుంది. చాలా గొప్ప వాక్యాలు రాసిన మనుషులు వాళ్లు, నాకు ఇష్టం కూడా, అయినా అక్కడ చదివేటప్పుడు మనసు చివుక్కుమంటుంది.

దీనికి వెనకాల చట్టం ఉంది, అది అర్థం కాకపోతే ఈ జాన్రా అర్థం కాదు. ఒక ప్రేమని చట్టం నేరం అన్నప్పుడు ఆ ప్రేమ రహస్యం అవుతుంది, రహస్యం అవ్వగానే దానికి మార్కెట్లో రేటు వస్తుంది, ఆ రేటు వసూలు చేసేవాడు బ్లాక్‌మెయిలర్. ఇంగ్లండులో 1885లో మగవాళ్ల మధ్య సంబంధాలమీద తెచ్చిన సెక్షన్‌కి "బ్లాక్‌మెయిలర్ల పట్టా" అనే అర్థంలోనే పేరు పడింది, 1957లో సర్కారు వేసిన వుల్ఫెండెన్ కమిటీ మార్చమని చెప్తే మారడానికి 1967 దాకా పట్టింది. ఆడవాళ్లమీద అక్కడ ఆ సెక్షన్ లేదు, కానీ సెక్షన్ లేకపోయినా పిల్లల్ని లాగేసుకోవడం, ఉద్యోగం తీసేయడం జరుగుతానే ఉండేవి. మన దగ్గర 1860 నాటి శిక్షాస్మృతిలో ఇట్లాంటి సంబంధాల్ని నేరం అనే 377వ సెక్షన్ పెట్టిపోయారు, 2009లో ఢిల్లీ హైకోర్టు దాన్ని పక్కకి తీసింది, 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మళ్లీ తెచ్చి పెట్టింది, 2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో అదే సుప్రీంకోర్టు ఇష్టపూర్వకంగా ఉండే పెద్దవాళ్లకి అది వర్తించదని తేల్చింది. అంటే మన దేశంలో ఒక లెస్బియన్ డిటెక్టివ్‌ని 2013 ముందు, 2013 తర్వాత, 2018 తర్వాత అని మూడు కాలాల్లో పెడితే మూడు వేరే నవలలు వస్తాయి, నేరం అదే అయినా.

బోనులో నుంచి మనిషిని తెచ్చి విచారణ చేసే కుర్చీలో కూర్చోబెట్టిన మొదటివాళ్లలో జార్జ్ బాక్స్ట్ ఒకడు, 1966లో ఒక నల్లజాతి గే పోలీస్ డిటెక్టివ్‌ని రాశాడు, ఫేరో లవ్ అని పేరు. కానీ దారి వేసింది మాత్రం జోసెఫ్ హాన్సెన్ అనే అంటాను. 1970లో వచ్చిన "ఫేడవుట్"లో డేవ్ బ్రాండ్‌స్టెటర్ లాస్ ఏంజెలెస్‌లో ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్, ఎవరైనా పాలసీదారుడు చనిపోతే ఆ క్లెయిమ్ నిజమా కాదా చూసేవాడు. ఒక రేడియో గాయకుడి కారు వరదలో కొట్టుకుపోయి దొరుకుతుంది, శవం దొరకదు, కేసు అది. కథ మొదలయ్యేసరికి డేవ్‌తో ఇరవై ఏళ్లకి పైగా కలిసి బతికిన రాడ్ కాన్సర్‌తో పోయి ఉంటాడు. ఇక్కడ ఆగాలి. భార్య పోయిన మగాడికి ఊరంతా వచ్చి పలకరిస్తుంది, పదకొండో రోజు ఉంటుంది, ఆఫీసులో సెలవు ఉంటుంది. ఇతనికి అవేవీ లేవు, పోయింది స్నేహితుడే కదా అనే లెక్క. ఇతనేమో రోజూ పొద్దున్నే ఇతరుల చావుల ఫైళ్లు పట్టుకుని, భర్త పోయిన ఆడవాళ్ల ఇళ్లకి పోయి, మీరు నిజంగా భార్యేనా, డబ్బు మీకే రావాలా అని అడిగి రావాలి. ఉపన్యాసం ఒక్కటి కూడా లేకుండా, ఉద్యోగం ఎన్నుకున్న తీరులోనే హాన్సెన్ మొత్తం చెప్పేశాడు. ఆ పుస్తకం వచ్చేనాటికి కాలిఫోర్నియాలో అతని ఇంటి జీవితం చట్టప్రకారం నేరమే, ఆ చట్టం పోయింది 1976లో. డేవ్ నవలలు పన్నెండు వచ్చాయి, 1991 దాకా.

ఆడవాళ్ల సంగతికి వస్తే, మొదటి లెస్బియన్ డిటెక్టివ్‌గా ఎక్కువమంది చెప్పేది 1977లో ఎం. ఎఫ్. బీల్ రాసిన "ఏంజెల్ డాన్స్"లో క్యాట్ గెరేరా, మెక్సికో మూలాలున్న అమెరికన్ అమ్మాయి. దాన్ని వేసింది డాటర్స్ అనే చిన్న ఫెమినిస్ట్ ప్రెస్. ఈ చిన్న ప్రెస్సుల సంగతి పక్కన పెట్టి ఈ చరిత్ర చెప్పలేం. 1973లో మొదలైన నయాడ్ ప్రెస్, 1976లో సియాటిల్‌లో సీల్ ప్రెస్, లండన్‌లో విమెన్స్ ప్రెస్, ఇవి లేకపోతే ఈ పుస్తకాలు లేవు. ఇంకోవైపు 1982లో పెద్ద పబ్లిషర్ల దగ్గర సారా పారెట్‌స్కీ, సూ గ్రాఫ్టన్ ఒకే సంవత్సరం ఆడ ప్రైవేట్ డిటెక్టివ్‌లని దించారు, ఒంటరిగా ఉండి, తుపాకీ పెట్టుకుని, ఎవరికీ జవాబు చెప్పని ఆడవాళ్లు. ఆ తలుపు తెరుచుకున్నాక పక్క తలుపు కూడా తెరుచుకుంది. 1984లో క్యాథరిన్ ఫారెస్ట్ "అమెచ్యూర్ సిటీ", బార్బరా విల్సన్ "మర్డర్ ఇన్ ద కలెక్టివ్", 1986లో మేరీ వింగ్స్ "షీ కేమ్ టూ లేట్", 1987లో వాల్ మెక్‌డెర్మిడ్ "రిపోర్ట్ ఫర్ మర్డర్", వరసగా వచ్చాయి. గే, లెస్బియన్ పుస్తకాలకి ఇచ్చే, 1989లో మొదలైన లాంబ్డా అవార్డుల్లో లెస్బియన్ మిస్టరీకి ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టారు, అంటే అప్పటికే పోటీ పెట్టేంత పంట ఉంది.

విల్సన్ నవల నాకు ఇష్టం, ఎందుకంటే ఆవిడ సీల్ ప్రెస్ పెట్టినవాళ్లలో ఒకరు, హత్య జరిగే చోటు కూడా ప్రింటింగ్ ప్రెస్సే. వామపక్ష భావాలున్నవాళ్లు కలిసి నడిపే ప్రెస్, దాంట్లో లెస్బియన్ల టైప్‌సెట్టింగ్ గ్రూపు ఒకటి కలవాలా వద్దా అని మీటింగులు, మీటింగుల్లో గొడవలు, అంతలో హత్య. పామ్ అనే అమ్మాయి విచారణ మొదలుపెడుతుంది, హంతకుడి కోసం వెతుకుతా వెతుకుతా తను ఆడవాళ్లని ప్రేమించే మనిషినని తెలుసుకుంటుంది. నవల పొడుగునా రెండు దర్యాప్తులు పక్కపక్కనే నడుస్తా ఉంటాయి, ఒకటి బయట, ఒకటి లోపల. ఇది తర్వాత చాలామంది వాడారు గానీ ఇంత సహజంగా కుదిరినవి తక్కువ.

ఇక్కడొక చిక్కు ఉంది, విప్పాలి. ఇవన్నీ "ప్రైవేట్ డిటెక్టివ్" నవలలు అని కలిపి పిలుస్తారు గానీ పాత్రల ఉద్యోగాలు చూడండి, మెక్‌డెర్మిడ్ లిండ్సే గోర్డన్ స్కాట్లండ్ జర్నలిస్టు, మేరీ వింగ్స్ ఎమా విక్టర్ మొదటి పుస్తకంలో బోస్టన్‌లో ఆడవాళ్ల హాట్‌లైన్‌లో పనిచేస్తుంది, ఎలెన్ హార్ట్ 1989లో మొదలుపెట్టిన జేన్ లాలెస్ రెస్టారెంట్ ఓనరు, మైకేల్ నావా రాసిన హెన్రీ రియోస్ గే లాయరు. లైసెన్సు పెట్టుకుని ఆఫీసు బోర్డు తగిలించినవాళ్లు మొదట్లో తక్కువ. నాకు తోచిన కారణం ఏందంటే, లైసెన్సు ఇచ్చేది సర్కారు, నీ బతుకుని తప్పు అనే సర్కారు దగ్గరికే పోయి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అందుకే రచయితలు పక్కదారిలో వచ్చారు, కష్టంలో ఉన్న ఆడవాళ్లు పోలీసుల దగ్గరికి పోకుండా ఎవరి దగ్గరికి పోతారో ఆ మనుషుల్నే డిటెక్టివ్‌లని చేశారు.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉన్నది ఫారెస్ట్ రాసిన కేట్ డెలాఫీల్డ్, లాస్ ఏంజెలెస్ పోలీసు హత్యల విభాగంలో డిటెక్టివ్, అంతకుముందు అమెరికా సైన్యంలో మెరీన్, తన సంగతి డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ చెప్పదు. 1987 నాటి "మర్డర్ ఎట్ ద నైట్‌వుడ్ బార్" ఈ మొత్తం జాన్రాలో నేను అందరికన్నా ముందు చేతిలో పెట్టే పుస్తకం. లెస్బియన్లు వచ్చే ఒక బార్ బయట పార్కింగ్‌లో డోరీ అని పంతొమ్మిదేళ్ల అమ్మాయిని బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టి చంపి ఉంటారు. కేట్ బ్యాడ్జి పట్టుకుని లోపలికి పోతుంది. లోపల ఉన్న ఆడవాళ్లెవరూ నోరు విప్పరు, వాళ్లకి పోలీసు అంటే రైడ్ చేసేవాడు, బూతులు తిట్టేవాడు. కేట్‌కి తెలుసు తను వాళ్లలో మనిషినని, వాళ్లలో కొందరు కూడా పసిగడతారు, కానీ పక్కన మగ పార్ట్‌నర్ ఉన్నాడు, ఒక్క మాట అనడానికి లేదు. "నేనూ మీలాంటిదాన్నే" అని ఒక్క ముక్క చెప్తే సాక్ష్యం దొరుకుతుంది, ఆ ముక్క చెప్తే ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత డోరీ అమ్మానాన్నల దగ్గరికి పోతుంది, కూతురు ఇట్లాంటిదని ఇంట్లో నుంచి పంపేసినవాళ్లు. ఆ ఇంట్లో సోఫాలో కూర్చుని వాళ్ల మాటలు వింటున్నప్పుడు కేట్ ముఖం కదలకూడదు. ఆ పేజీలు చదివినప్పుడు నాకు మన ఊళ్లో తెలిసిన ఇళ్లు, తెలిసిన సోఫాలు గుర్తుకొచ్చాయి. మిగతా కథ చెప్పను, చదవండి.

లైసెన్సు ఉన్న ప్రైవేట్ డిటెక్టివ్‌లు 1990 నుంచి బాగా వచ్చారు. జె. ఎం. రెడ్‌మన్ రాసిన మిక్కీ నైట్ న్యూ ఆర్లీన్స్‌లో ఉంటుంది, తాగుతుంది, గొడవలు పెట్టుకుంటుంది, అద్దెకి డబ్బులుండవు, అంటే మగ డిటెక్టివ్‌కి ఇచ్చిన అన్ని దురలవాట్లూ ఈమెకీ ఇచ్చారు. ఆ ఊరున్న లూసియానా రాష్ట్రంలో ఇట్లాంటి సంబంధాల్ని నేరం అనే పాత చట్టం అప్పటికి ఇంకా ఉంది, అమెరికా సుప్రీంకోర్టు 2003లో లారెన్స్ కేసులో కొట్టేసేదాకా ఉంది, అంటే మొదటి పుస్తకాల్లో మిక్కీ నేరస్తుల్ని పట్టుకుని ఇంటికొచ్చి పడుకుంటే కాగితం మీద తనూ నేరస్తురాలే. 1991లో సాండ్రా స్కాపటోన్ లారెన్ లొరానోని పెద్ద పబ్లిషర్ దగ్గర తెచ్చింది, న్యూయార్క్‌లో సైకోథెరపిస్ట్ అయిన పార్ట్‌నర్‌తో మామూలు సంసారం, వంటింట్లో వాదనలు, ఆ మామూలుతనమే అప్పటికి కొత్త. అదే ఏడాది నికీ బేకర్ షికాగోలో నల్లజాతి లెస్బియన్ వర్జీనియా కెల్లీని రాసింది, ఈమెకి మాత్రం డిటెక్టివ్ లైసెన్సు లేదు, 1994లో లండన్‌లో స్టెల్లా డఫీ శాజ్ మార్టిన్‌ని దించింది. ఈ పదేళ్లలో చూస్తే చెరిల్ హెడ్ డెట్రాయిట్‌లో చార్లీ మాక్ ఏజెన్సీ పెట్టించింది, లెవ్ రోజెన్ 2022 నవల 1952 నాటి శాన్ ఫ్రాన్సిస్కోకి వెనక్కి పోయి, గే అని తెలిసి పోలీసు ఉద్యోగం పోయినవాడిని ప్రైవేట్ డిటెక్టివ్ చేసింది.

ఇప్పుడు అసలు ముడి. డిటెక్టివ్ నవలకి ఒక పాత ఒప్పందం ఉంది, మొదట్లో లోకం సక్రమంగా ఉంటుంది, హత్య జరిగి చెదిరిపోతుంది, హంతకుడు దొరకగానే లోకం మళ్లీ యథాస్థానానికి వస్తుంది, పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు. ఆ సక్రమమైన లోకంలో మొదటి నుంచి నీకు చోటే లేకపోతే? దాన్ని తిరిగి నిలబెట్టడం కోసం నువ్వెందుకు కష్టపడాలి? అందుకే ఈ నవలల్లో చివరి అధ్యాయాలు కొంచెం వేరేగా ఉంటాయి, హంతకుడు దొరుకుతాడు గానీ ఊరు బాగుపడినట్టు రాయరు. ఇంకోటి, అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఒక్కొక్కరి గుట్టు విప్పే క్లైమాక్స్ ఉంటుంది చూడండి, ఒకరి గుట్టు విప్పి ఇంకొకరి నేరం నిరూపించడం, అది పాత నవలలకి పండగ లాంటిది. ఇక్కడ డిటెక్టివ్ ఆ పని చేయలేదు. నేరానికి సంబంధం లేని మనిషి రహస్యాన్ని సాక్ష్యం కోసం వాడుకుంటే తనకీ బ్లాక్‌మెయిలర్‌కీ తేడా లేదని తెలుసు. కాబట్టి ఆ రహస్యం వాడకుండా కేసు రుజువు చేసే దారి వెతకాలి, కథకి అది ఇంకా కష్టమైన పజిల్, రచయితకి ఇంకా ఎక్కువ పని. క్వీర్ డిటెక్టివ్, అంటే లెస్బియనో గేనో అయిన డిటెక్టివ్, రావడంతో ఈ జాన్రాకి కొత్తగా వచ్చిన నియమం నా దృష్టిలో ఇదే.

ఇది మన నేలమీద ఎట్లా ఉంటుందో చూద్దాం, ఎందుకంటే ఎవరైనా రాస్తే చదవాలని నాకు చాలా ఆశ. తిరుపతిలో మారువేషం కొత్త విషయం కాదు. తాతయ్యగుంట గంగమ్మ కథే తీసుకోండి, ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు భయపడి దాక్కుంటాడు, అమ్మ రోజుకో వేషం కట్టి, బైరాగిగా, బండగా, తోటిగా వీధి వీధి వెతుకుతుంది, దొర వేషంలో పోయినప్పుడు వాడు బయటికొస్తాడు, తల నరుకుతుంది. ఆడవాళ్లమీద నేరం చేసినవాడి కోసం ఒక ఆడది మగవేషాల్లో ఊరంతా గాలించే కథ మనకి ఏటా మే నెలలో జాతరగా జరుగుతుంది. ఆ రోజుల్లో మగవాళ్లు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, వీధుల్లో తిరిగితే చేతులెత్తి మొక్కుతారు. జాతర అయిపోయిన మర్నాడు అదే చీరలో ఒక మనిషి బస్టాండులో నిలబడితే చూసే చూపు వేరే. తిరుపతి గురించి క్రైమ్ నవల రాసేవాళ్లు ఈ రెండు చూపుల మధ్యనుంచే మొదలుపెట్టొచ్చు.

మన దగ్గర ప్రైవేట్ డిటెక్టివ్ అంటే హత్యలు తేల్చేవాడు కాదు, ఎక్కువ పని పెళ్లి ఎంక్వయిరీలు, అబ్బాయికి నిజంగా ఆ జీతం ఉందా, తాగుతాడా, ముందు ఏదైనా వ్యవహారం ఉందా. పోలీసు అధికారాలు ఏమీ ఉండవు. ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీలని నియంత్రించడానికి 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు గానీ చట్టం కాలేదు. ఎవరి కాల్ డేటా అయినా తీయడం వీళ్లకి కుదరదు, 2018లో థానె పోలీసులు అట్లా దొంగదారిన కాల్ రికార్డులు కొన్న డిటెక్టివ్‌లని అరెస్టు కూడా చేశారు. ఎంక్వయిరీల తర్వాత ఎక్కువ వచ్చే ఇంకో పని, ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయిన అమ్మాయిని వెతకడం.

అమెరికాలో లెస్బియన్ డిటెక్టివ్ మొదటి కేసు హత్య అయితే అయుండొచ్చు, ఇక్కడ మొదటి కేసు కచ్చితంగా ఇదే. ఒక నాన్న వస్తాడు, చేతిలో పాస్‌పోర్ట్ సైజు ఫొటో, మా పాప హాస్టల్ నుంచి వెళ్లిపోయింది, దాని ఫ్రెండు మాయ చేసి తీసుకుపోయింది, ఎంతైనా ఇస్తాను వెతికి పెట్టమ్మా అంటాడు. ఆయన కళ్లల్లో నీళ్లు నిజమే. ఫొటోలో ఇద్దరు అమ్మాయిలు భుజాలమీద చేతులు వేసుకుని నవ్వుతుంటారు, ఒకర్ని కత్తిరించి ఇంకొకర్ని మాత్రం ఉంచి ఉంటారు, భుజంమీద చెయ్యి మాత్రం మిగిలిపోయింది. డిటెక్టివ్‌కి ఆ చెయ్యి చూడగానే మొత్తం అర్థమవుతుంది. వెతకడం కూడా సులభమే, మన ఊళ్లల్లో అబ్బాయి అమ్మాయి కలిసి రూము అడిగితే సవాలక్ష ప్రశ్నలు వేస్తారు, ఒంటరిగా వస్తే రూమే ఇవ్వని లాడ్జీలున్నాయి, ఇద్దరు ఆడపిల్లలైతే దర్శనానికి వచ్చారనుకుని తాళం చేతిలో పెడతారు. ఎవరూ అనుమానించకపోవడమే వాళ్లకి రక్షణ, ఆ రక్షణ ఎట్లా పనిచేస్తుందో డిటెక్టివ్‌కి స్వయంగా తెలుసు కాబట్టి వాళ్లు ఎక్కడుంటారో మిగతావాళ్లకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది.

ఇది ఊహ మాత్రమే కాదు, కోర్టు రికార్డుల్లో ఉన్న కథే. మదురై నుంచి చెన్నైకి వెళ్లిపోయిన ఇద్దరు అమ్మాయిల మీద ఇంటివాళ్లు మిస్సింగ్ కేసులు పెడితే, 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇట్లాంటి ఫిర్యాదుల్లో ఇద్దరూ మేజర్లని, ఇష్టపడే ఉన్నారని తేలితే వాళ్ల స్టేట్‌మెంట్ తీసుకుని, వేధించకుండా కేసు మూసేయాలని పోలీసులకి చెప్పారు. తీర్పు ఇచ్చేముందు ఈ విషయం అర్థం చేసుకోవడానికి ఆయనే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చున్నారు, ఆ పని చేసినందుకు ఆయనంటే నాకు గొప్ప గౌరవం. 2024 మార్చిలో సుప్రీంకోర్టు, ఇంట్లో బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెమ్మని హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తే కోర్టులు ఎట్లా నడుచుకోవాలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ అమ్మాయి మనసు మార్చడానికి కౌన్సెలింగ్ పేరుతో ఒత్తిడి పెట్టకూడదు అని కూడా. 2024 డిసెంబర్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తండ్రి ఇంట్లో ఉంచేసిన ఒక అమ్మాయి తన భాగస్వామితో పోవచ్చని చెప్పింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు ముందుకి వచ్చిందేమో వేలూరు జిల్లా కేసు, చిత్తూరులో బస్సెక్కితే గంట ప్రయాణం. ఇరవై ఐదేళ్ల అమ్మాయిని ఇంటికి లాక్కుపోయి కొట్టారు, మామూలుగా మారాలని ఏవో పూజలు చేయించారు అని ఆమె జడ్జీలకి చెప్పింది. పెళ్లి ఒక్కటే కుటుంబానికి దారి కాదు, మనుషులు ఎన్నుకున్న కుటుంబం కూడా కుటుంబమే అని ఆ తీర్పులో రాశారు. (పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇవ్వలేదు, ఆ బాధ అట్లాగే ఉంది.)

ఈ కేసుల్లో గమనించండి, తప్పిపోయిన మనిషి అని ఫిర్యాదు ఉన్నప్పుడు ఆ అమ్మాయి క్షేమంగా ఉంది, దొరికింది ఇంటికి చేరింది అన్నాక అసలు బందీ అయింది. క్రైమ్ కథల్లో ఇల్లు భద్రమైన చోటు, నేరం బయట ఉంటుంది, ఇక్కడ తిరగబడింది, నేరం జరిగే చోటు ఇల్లు, క్లయింటే నిందితుడు అయ్యే అవకాశం ఉంది, వెతికి పెట్టడమే నేరానికి సాయం. పాత నియమాల ప్రకారం డిటెక్టివ్ గెలిస్తే అమ్మాయి ఓడిపోతుంది. నవలాకారులు ఎవరైనా దీన్ని పట్టుకుంటే తెలుగులో చాలా బలమైన పుస్తకం అవుతుంది, విదేశీ నవలల్ని అనుకరించాల్సిన పని కూడా లేదు.

ఆ రాసే మనిషికి నేను ఒక్కటే అడుగుతాను, ఆ నాన్నని విలన్‌గా రాయొద్దు, ఆయనకి భయం, పరువు, ప్రేమ మూడూ కలిసిపోయి ఉంటాయి, అట్లాగే రాయాలి. డిటెక్టివ్ బెంగళూర్లో ఆ పీజీ కనుక్కుంటుంది, మెట్లమీద కూర్చుని అమ్మాయిలిద్దరితో మాట్లాడుతుంది, ఇద్దరి ఆధార్‌లో పుట్టిన తేదీలు చూసుకుంటుంది, వెళ్తా వెళ్తా 2021 తీర్పు కాపీ ఒకటి ప్రింట్ తీసి ఇస్తుంది. తిరిగొచ్చి రిపోర్టులో మూడు ముక్కలు రాస్తుంది: ఇద్దరూ మేజర్లు, క్షేమంగా ఉన్నారు, అడ్రసు చెప్పడానికి వాళ్లకి ఇష్టం లేదు. అడ్వాన్సు కవర్‌లో పెట్టి వెనక్కి ఇస్తుంది. నాన్న ఆ కాగితం చదివి ఏమీ అనకుండా బయటికి పోయి, ఎదురు వీధిలో ఉన్న ఇంకో ఏజెన్సీ మెట్లు ఎక్కుతాడు, వాళ్లేమో టవర్ లొకేషన్ రెండ్రోజుల్లో తీయిస్తాం సార్ అంటారు, ఇప్పుడు ఈమె దగ్గర ఉన్న టైమ్ రెండ్రోజులు, రెండో అధ్యాయం అక్కడినుంచి.